వేడెక్కకయే మ్రోగు హారను
(సంఘసభలో పడవల యజమానుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



పూరీ తీరమున తరతరములుగా నివసించుచున్న మన వారిని ఒడియావారు నోళియాలందురు. కొయ్యతెప్పల నాడు గాలిని, అలను ఎఱిగిన చాలెడిది. నేడు ఫైబరు పడవ వెనుక అవుట్‌బోర్డు మోటారు తగిలించితిమి. దానితో వచ్చు పుస్తకము ఇంగ్లీషులో నుండును. మన పిల్లలు బడిలో ఒడియా చదువుదురు, ఇంట తెలుగు మాటలాడుదురు. ఆ పుస్తకము పెట్టెలోనే యుండిపోవును. అందుచేత ఈ ఒక్క సంగతిని తెలుగున చెప్పుటకు నిలిచితిని.

నా అంగడికి విడిభాగములకై వచ్చువారిలో కొందరు, “హారను ఊరక మ్రోగుచున్నదని తీగ కత్తిరించితిమి” అందురు. ఇంతకంటె ప్రమాదము లేదు. నిజముగా వేడెక్కిన నాడు ఆ మోటారు పిస్టను పట్టివేయువఱకు మౌనముగా నుండును. పడవ నడిసముద్రమున నిలిచిపోవును.

చిన్న మోటారులన్నిటికి ఈ హారను లేదు. ఉన్నవారు దాని కీలు గ్రహింపుడు. అడుగున నున్న రబ్బరు ఇంపెల్లరు సముద్రపు నీటిని పైకి తోడి సిలిండర్ల చుట్టు త్రిప్పును. సిలిండరు తలపై చిన్న స్విచ్చి కలదు. వేడి మితిమీరినప్పుడు అది తీగను మోటారు లోహముతో కలుపును, హారను మ్రోగును. అనగా, హారనుకు వేడి తెలియదు. తీగ లోహమును తాకినదని మాత్రమే తెలియును. ఒరిపిడికి తొడుగు చిరిగిన తీగ ఎచ్చట తాకినను అది అట్లే మ్రోగును.

సముద్రముపై మ్రోగినచో మొదట నమ్మవలెను. వేగము తగ్గించి, ప్రక్కనుండి చిమ్మవలసిన నీటిధారను చూడుడు. ధార లేనిచో మోటారు ఆపి పైకెత్తి, నీరు పీల్చు రంధ్రములకు ప్లాస్టిక్ సంచి అడ్డుపడెనేమో చూడుడు. ధార తూమునకు ఇసుక పట్టియుండవచ్చును. సన్నని తీగతో పొడువుడు. ధార ఉన్నంత మాత్రమున నిశ్చింత కూడదు. ఉప్పు పేరుకొన్నను, థర్మోస్టాటు బిగిసినను తల వేడెక్కును. మోటారు ఆపి మూత తీసి, తలపై నీటిచుక్క వేయుడు. చుయ్యిమన్నచో వేడి నిజము.

అసలు పరీక్ష ఒడ్డున, మఱునాడు చల్లని మోటారుపై చేయవలెను. మోటారు నడుపకయే తాళము త్రిప్పుడు. కొన్ని రకములలో హారను క్షణకాలము పలికి ఊరకుండును. అది దోషము కాదు. ఆగక మ్రోగినచో కారణము వేడి కానేరదు. స్విచ్చివద్ద తీగను విడదీయుడు. మ్రోత ఆగెనా, స్విచ్చి చెడినది. ఆగలేదా, తీగ ఎచ్చటనో ఒరసినది. లేదా నూనె తక్కువయని అదే హారను చెప్పుచున్నది. మూత అంచున, మోటారు మలుపు తిరుగు చోట తీగల కట్టను కదపి చూడుడు. కదపినప్పుడు మ్రోత తెగి తెగి వచ్చినచో దోషము అచ్చటనే. (కంప్యూటరు గల క్రొత్త మోటారులలో స్విచ్చికి బదులు వేరొక సెన్సారు ఉండును, వానిని మెకానిక్కునకు విడుచుట మేలు.)

మరమ్మతు ముగిసినపిదప, తాళము త్రిప్పి, విడదీసిన తీగకొనను మోటారు లోహమునకు తాకించుడు. హారను మ్రోగవలెను. మ్రోగనిచో ఉప్పునీటికి తీగ లోపల తెగియుండవచ్చును. ఆ పడవను సముద్రమునకు పంపకుడు. బయట అరుగుపై ఒక మోటారును, మల్టీమీటరును ఉంచితిని. సభ ముగియగానే రండు, మీ చేతులతోనే చేసి చూతురు గాని.