మూడో ఏడు ఆపకండి

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక మహిళా డిగ్రీ కళాశాల ఫిజికల్ డైరెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల పత్రం చదివినంక నన్ను మాట్లాడమన్నరు. పొదుపు, అప్పు, వడ్డీల గురించి మీకు నేను చెప్పేది లేదు, మీరే నాకు నేర్పాలె. నేను నా పని ముచ్చట చెప్త. కాలేజీల ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుడు నా పని. పిల్లలు పీడీ మేడం అంటరు. ఈ పని ఎట్ల ఉంటది, అందుల మీ బిడ్డలకు ఏమున్నది, మీ చేతుల ఏమున్నది, ఈ మూడు చెప్పి కూసుంట.

డిగ్రీ అంటే మూడేండ్లు. మొదటి ఏడు పిల్లకు బంతి ఆపుడు, పక్కదానికి అందిచ్చుడు, రెండు కాళ్లతోని తన్నుడు వస్తది. రెండో ఏడు పదకొండు మంది ఒక జట్టు అయితరు. ఎవరు ఎటు ఉరుకుతరో చూడకుంటనే తెలుస్తది. మూడో ఏడు ఆట పండుతది. కాలేజీల మధ్య పోటీలల్ల మంచిగ ఆడినోళ్లను శాతవాహన యూనివర్సిటీ జట్టుకు తీసుకుంటరు. ఆ జట్టు జోన్ పోటీలకు పోతది, అక్కడ గెలిస్తే అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. ఆ సర్టిఫికెట్లు పై చదువుల సీట్లకు, కొలువులకు క్రీడా కోటాల పనికొస్తయి.

కానీ సరిగ్గ మూడో ఏడే మా జట్టు ఖాళీ అయితది. సంబంధం వచ్చిందని ఒకరు, ఇంట్ల బీడీలకు చేతులు తక్కువైనయని ఒకరు, నాయిన దుబాయ్ నుంచి ఫోన్ చేసి వద్దన్నడని ఇంకొకరు. చేను పూతకొచ్చినంక నీళ్లు బంద్ చేసినట్టు అయితది. అందుకే కోచ్ పని సగం గ్రౌండ్ల ఉంటే సగం తల్లులతోని మాట్లాడుట్ల ఉంటది. కప్పులు ఎన్ని వచ్చినయో కాలేజీ లెక్క పెట్టుకుంటది. మొదటి ఏడు వచ్చినోళ్లల్ల మూడో ఏడు దాకా ఎంతమంది ఉన్నరో నేను లెక్క పెట్టుకుంట.

ఇదేదో పట్నం ఆట, మనది కాదు అనుకోకుండ్రి. కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆర్మూర్ తొవ్వల పోతే నిజామాబాద్ వస్తది. ఆ జిల్లా తండాల 2001ల పుట్టిన లంబాడా బిడ్డ గుగులోత్ సౌమ్య. ముందు పరుగు పందాలు ఉరికేది. ఆ ఉరుకుడు చూసి నాగరాజు అనే కోచ్ ఫుట్‌బాల్ల పెట్టిండు. ఆ బిడ్డ దేశం జట్టుకు ఆడింది. 2022ల క్రొయేషియా దేశంల డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు పోయింది. 2024-25ల ఈస్ట్ బెంగాల్ జట్టుతోని మహిళల జాతీయ లీగ్ గెలిచింది, ఆ ఏటి మేటి మహిళా క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అవార్డు అందుకుంది. ఆమె ఎనుక ఉరుకుడును గుర్తువట్టిన ఒక కోచ్ ఉన్నడు, పంపడానికి ఒప్పుకున్న ఇల్లు ఉన్నది. ఈ రెండిట్ల ఏ ఒక్కటి లేకున్నా ఆ పేరు మనం వినకపోదుము.

ఇంక కోచ్‌లు అయిన ఆడోళ్ల సంగతి. గోవాకు చెందిన మేమోల్ రాకీ ఒకప్పుడు దేశానికి ఆడింది. 2017 నుంచి 2021 దాకా భారత మహిళల జట్టుకు హెడ్ కోచ్‌గ ఉన్నది. ఆమె కోచ్‌గ ఉన్నప్పుడే 2019ల నేపాల్ల జరిగిన దక్షిణాసియా పోటీలు మనోళ్లు గెలిచిండ్రు. కేరళకు చెందిన ప్రియ కోచ్‌గ ఉండంగ గోకులం జట్టు 2019-20ల జాతీయ లీగ్ గెలిచింది. మణిపూర్ బెంబెం దేవి పోలీసు కొలువు చేసుకుంట ఆడింది, తర్వాత కోచింగ్‌ల దిగింది, 2020ల పద్మశ్రీ తీసుకుంది. ఆట ఆగినా పని ఆగలేదు వీళ్లకు.

అమెరికా సంగతి కూడ వినుండ్రి. 1972ల అక్కడ టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. సర్కారు పైసలు తీసుకునే బడి, కాలేజీ ఆడ, మగ తేడా చూపద్దన్నది. దాంతోని కాలేజీలు ఆడపిల్లల జట్లు పెట్టినయి, కోచ్‌లకు జీతాలు వచ్చినయి. నార్త్ కరోలినా యూనివర్సిటీల ఆన్సన్ డోరెన్స్ అనే ఆయన 1979 నుంచి 2024 దాకా ఆడపిల్లల జట్టుకు కోచ్‌గ ఉన్నడు, 21 జాతీయ కాలేజీ టైటిళ్లు గెలిపిచ్చిండు. ఒక్క కాలేజీల ఒక్క పని మీద 45 ఏండ్లు. ఇదే ముచ్చటకు ఇంకో దిక్కు ఉన్నది. చట్టం రాకముందు అక్కడ ఆడపిల్లల జట్ల కోచ్‌లు నూటికి 90కి పైగా ఆడోళ్లే. ఇప్పుడు సగం కూడ లేరు. జీతం లేనప్పుడు మనది, జీతం వచ్చినంక మనది కాదు. పాలు పిండేది ఒకరు, పాల కేంద్రం కాడ సంతకం పెట్టేది ఇంకొకరు అన్నట్టు. మన దగ్గర ఈ కొలువులు ఇప్పుడిప్పుడే వస్తున్నయి. ముందుగాల్నే మన బిడ్డలు అండ్ల ఉండాలె.

దీనికి చదువు ఉన్నది. డిగ్రీ అయినంక బీపీఎడ్ చేస్తే బడిల పీఈటీ, ఎంపీఎడ్ చేస్తే కాలేజీల నా అసుంటి పని. ఫుట్‌బాల్ కోచ్ కావాలంటే డి లైసెన్స్, సి, బి, ఎ అని మెట్లు ఉన్నయి. పాటియాలాల జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉన్నది. ఉన్నదున్నట్టు చెప్త, కాంట్రాక్టు కొలువులే ఎక్కువ, మొదట్ల జీతం తక్కువ. కానీ తన కాళ్ల మీద తాను నిలబడే పని.

తల్లుల భయాలు నాకు తెలుసు. మోకాలు పోతదేమో అంటరు. నిజమే, మోకాలు లోపలి నరం తెగుడు మగపిల్లల కన్నా ఆడపిల్లలకు రెండు మూడు రెట్లు ఎక్కువ. అందుకే ఆటకు ముందు 20 నిమిషాలు మెల్లగ ఉరుకుడు, ఒంటికాలి మీద నిలబడుడు, దునికి సరిగ్గ దిగుడు చేపిస్తం. రోజూ చేస్తే దెబ్బలు బాగ తగ్గుతయి. ఏ కోచ్ అయినా ఇది చేపిస్తలేదంటే మీరు నిలదీయుండ్రి. రక్తం తక్కువ సంగతి మా కన్నా మీకే ఎక్కువ తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5 ప్రకారం మన రాష్ట్రంల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల నూటికి 57.6 మందికి రక్తహీనత. ఆడే పిల్ల పొద్దుగాల చాయ్ తాగి వస్తే కండ్లు తిరిగి పడ్తది. గుడ్డు, పల్లీలు, పప్పు, ఆకుకూర పెట్టుండ్రి. ఖర్చు కొద్దిగనే. నెలసరి రోజులల్ల ఆడద్దని ఏం లేదు. నొప్పి ఎక్కువుంటే చెప్పమంట, ఆ రోజు కూసోబెడ్త. అది చెప్పుకోనీకే గ్రౌండ్ల ఒక ఆడమనిషి ఉండాలె.

అదే సర్వేల ఇంకో లెక్క ఉన్నది. 20 నుంచి 24 ఏండ్ల ఆడోళ్లల్ల నూటికి 23.5 మందికి 18 నిండకముందే పెండ్లి అయ్యింది. కాలేజీ దాకా వచ్చిన పిల్ల ఆ లెక్కను దాటి వచ్చింది. ఇంకొక్క ఏడాది మనం ఆగలేమా?

మీ సంఘాలను మూడు అడుగుత. ఒకటి, డిగ్రీ అయ్యేదాకా పిల్లను ఆపద్దని సంఘం మీటింగ్‌ల ఒక తీర్మానం రాసుకోండ్రి. ఒక్క తల్లి మాట ఇంట్ల చెల్లకపోవచ్చు, పది మంది సంతకాలు చెల్లుతయి. రెండు, బూట్లకు, పోటీల బస్సు కిరాయికి తల్లి అడిగితే పొదుపుల నుంచి చిన్న అప్పు ఇయ్యుండ్రి. గేదెకు ఇచ్చినట్టే ఇది కూడ పెట్టుబడి అని రాయుండ్రి. మూడు, ఏడాదికి ఒక్కసారి మీరే గ్రౌండ్‌కు వచ్చి మీ బిడ్డ ఆట చూడుండ్రి. తల్లి వచ్చి కూసున్ననాడు ఆ పిల్ల ఉరుకుడే వేరు ఉంటది.

మీ గ్రామ సంఘాలు కట్టిన తొలినాళ్లల్ల మీటింగ్‌కు పోతే ఏమొస్తదని ఇండ్లల్ల అన్నరు కదా. ఇయ్యాల అదే ఇండ్లు మీ పాసుబుక్కు మీద నడుస్తున్నయి. మీ బిడ్డను బంతి ఆడితే ఏమొస్తదని అడిగేటోళ్లకు జవాబు చెప్పనీకి మీ కన్నా పెద్ద సాక్షి ఎవరున్నరు?