ఇంగ్లీషు క్లాసు పాఠం గ్రామసభల పనికొస్తది
(తాడ్వాయిలో యువకుల సమావేశంలో చేసిన ప్రసంగం)



డిగ్రీల ఇంగ్లీషు అంటే పాసైతే చాలనుకుంటం. అందులో యుద్ధ కవిత్వం వస్తే, ఎక్కడో యూరప్‌ల జరిగిన లొల్లి మనకెందుకు అంటం. అది మనకే ఎక్కువ అవసరమని నేనంటున్న.

విల్‌ఫ్రెడ్ ఓవెన్ మొదటి ప్రపంచ యుద్ధంల సైనికుడు. దేశం కోసం చచ్చుడు ఎంతో గొప్ప అని పెద్దలు పిల్లలకు నేర్పుతుంటే, విషవాయువుకు ఊపిరాడక చచ్చే జవాను ఎట్లుంటడో ఆయన రాసిండు. 1918 నవంబర్ 4న, 25 ఏండ్లకే యుద్ధంల చనిపోయిండు. వారానికి యుద్ధం ఆగింది.

ఉపన్యాసం ఎట్లియ్యాలో చెప్పేటప్పుడు 'జూలియస్ సీజర్' నాటకంల ఆంటోనీ ప్రసంగం చెప్తరు. శవం మీది గాయాలు చూపిస్తడు, వీలునామా చదువుతడు, జనాన్ని తన దిక్కు తిప్పుకుంటడు. అక్కడితో ఆగకండి, తర్వాతి సీను కూడా చదవండి. రెచ్చిపోయిన జనం సిన్నా అనే కవిని చంపుతరు. కుట్రదారుల్ల ఒకడి పేరు కూడా సిన్నానే, అదే ఆయన నేరం.

అందుకే స్టేజీ మీద ఎవరు మాట్లాడినా, నేను మాట్లాడినా సరే, రెండు ప్రశ్నలు అడగండి. సాక్ష్యం ఏది? ఈ మాట నమ్మితే నష్టం ఎవరికి?

ఇగ మన సంగతి. కామారెడ్డి జిల్లా ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు. అయినా 2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడా వర్తిస్తది. 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచే పోడు భూమి మన చేతుల ఉన్నదని చూపాలి. కాగితం లేదని భయపడకండి. హక్కు అడిగేటోళ్లు కాకుండా వేరే పెద్దమనుషులు చెప్పింది రాసి పెడితే, అదీ సాక్ష్యమేనని నిబంధనల్లనే ఉంది. అదొక్కటే సరిపోదు. పాత బావి, బొందలగడ్డ, భూమికి పోసిన గట్లు, ఇట్లాంటివి కూడా చూపాలి.

చదువుకున్నోళ్ల పని ఇక్కడుంది. పక్కింటి తాత దగ్గర కూసోండి. ఆ చెలక ఎవరు కొట్టిండ్రు, ఏ కరువు నాడు, ఎవరి పెండ్లి నాడు అని అడగండి. ఆయన చెప్పినట్టే రాసి, ఆయనకే చదివి వినిపించండి. ఒక్క ఏడాది కూడా పెంచి రాయకండి. ఒక్క అబద్ధం దొరికితే పది నిజాలను అనుమానిస్తరు.

తర్వాత గ్రామసభల లేచి నిలబడి చదవండి. అక్కడ గొంతు వణికినా ఏం కాదు, చేతుల కాగితం ఉండాలె. వచ్చే గ్రామసభకు ఇంటికొకరు నోటుబుక్కు పట్టుకొని రండి.