పద్యం తప్పిన చోట

మనం ఇవాళ తలుచుకుంటున్న మాష్టారు బడిలో తెలుగు చెప్పారు, సాయంత్రాలు పిల్లల చేత పద్యనాటకాలు ఆడించారు, ఊళ్లో అవధానాలు పెట్టించారు. ఆయన పేరిట మాట్లాడమని ఈ ట్రస్టు పిలిచినప్పుడు, తప్పు చేసిన మనిషి తనతో తాను ఎలా మాట్లాడుకోవాలన్నదే నాకు తోచిన విషయం. నలుగురు కలిసి చేసే ఏ కళకైనా అదే పునాది అని నా నమ్మకం.

అవధానంలో నిషిద్ధాక్షరి మీరంతా చూసిందే. రాముడి మీద పద్యం అడుగుతారు. అవధాని ‘శ్రీ’ అంటారు. తర్వాత ‘రా’ వస్తుందని ఊహించి, అక్షరాలను నిషేధించే పృచ్ఛకుడు ‘ర’ వద్దంటాడు. అవధాని ‘జా’ వేస్తారు. జానకి రాబోతోందని పసిగట్టి ‘న’ కూడా వద్దంటాడు. పోయిన అక్షరం కోసం అవధాని విచారిస్తూ కూర్చోరు. రాముణ్ణి ఇంకో దారిన తెస్తారు. పృచ్ఛకుడు ఎంత గట్టివాడైనా ఒక్కో చోట ఒక్కో అక్షరాన్నే ఆపగలడు. మన లోపల కూర్చున్న పృచ్ఛకుడికి ఆ కట్టడి లేదు. ఒక్క పాదం తడబడితే చాలు, ‘నువ్వసలు కవివే కాదు’ అనేస్తాడు.

తన మీద తనకు ఉండే దయను కొలవడానికి అమెరికాలో మనస్తత్వ పరిశోధకురాలు క్రిస్టిన్ నెఫ్ 2003లో 26 అంశాల ప్రశ్నావళి ప్రచురించారు. కష్టంలో ఉన్న స్నేహితుడితో మాట్లాడినంత మెత్తగా తనతో మాట్లాడుకోవడం, పొరపాటు అందరికీ ఉండేదేనని గుర్తుంచుకోవడం, బాధను దాచకుండా, పెంచకుండా చూడగలగడం: ఈ మూడూ ఆమె లెక్కలో విడదీయరానివి. ఆమె ఆలోచనకు మూలం బౌద్ధంలో ఉంది. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో మైత్రీభావనను సాధకుడు తనతోనే మొదలుపెట్టాలన్నాడు. తాను సుఖం కోరినట్టే ఎదుటివాడూ కోరుతాడని అప్పుడే తెలుస్తుందని.

‘ఇలా బుజ్జగిస్తే బద్ధకం రాదా?’ అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బర్కిలీలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి ఇది: కష్టమైన పదజాల పరీక్షలో దెబ్బతిన్న విద్యార్థుల్లో, తమ మీద దయగా ఆలోచించమని చెప్పినవాళ్లే రెండో పరీక్షకు ఎక్కువసేపు చదివారు. జబెలీనా, రాబిన్సన్ అనే పరిశోధకులు 2010లో చూపిందీ దీనికి దగ్గరదే. తమను తాము తిట్టుకునే స్వభావం ఉన్నవాళ్లకు ఈ దయ కాస్త అందితే, వాళ్ల ఊహల్లో కొత్తదనం పెరిగింది.

ఇక మాష్టారి రిహార్సల్ సంగతి. పాండవోద్యోగంలో పడకసీను. కృష్ణుడి వేషం కుర్రాడు పద్యం మూడో పాదంలో ఆగిపోయాడు. హార్మోనియం మాస్టారు శ్రుతి వదలకుండా పట్టుకునే ఉన్నారు. కుర్రాడు మాత్రం పెదవి కొరుక్కుంటూ నేల చూస్తున్నాడు. అర్జునుడు మాట అందించాడు, వీడికి వినబడలేదు. మళ్లీ అందించాడు. అదీ వినబడలేదు. తెర పక్క నుంచి మాష్టారు మెల్లగా అన్నారు: “పోయిన పద్యం పోయిందిరా. అర్జునుడేమంటున్నాడో విను.” తనను తాను తిట్టుకుంటున్నవాడు చూడటానికి వినయంగానే ఉంటాడు. కానీ ఆ క్షణంలో వాడి ధ్యాసంతా తన మీదే. పక్కవాడికి చోటు లేదు.

ఆ నాటకం తిరుపతి వేంకట కవులది. తిరుపతి శాస్త్రి పోయాక కూడా వేంకట శాస్త్రి జంట పేరుతోనే రాశారు. ఇద్దరు కలిసి రాయాలంటే ‘ఈ పాదం బాగాలేదు’ అని ఒకరు అనగలగాలి, రెండోవారు కుంగిపోకుండా వినగలగాలి. లోపల ఇప్పటికే చావుదెబ్బలు తింటున్నవాడికి బయటి నుంచి వచ్చిన చిన్న దిద్దుబాటు కూడా దెబ్బగానే తగులుతుంది. వాడు కోప్పడతాడు, లేదా మాట్లాడటం మానేస్తాడు. జట్లు చాలావరకు విడిపోయేది అక్కడే.

ఒక్క హెచ్చరిక. ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టి, తెల్లారకముందు నుంచి రాత్రి దాకా పిల్లల్ని గదుల్లో కూర్చోబెట్టి, ‘మీ మీద మీరు దయ చూపుకోండి’ అని క్లాసు పీకడం అన్యాయం. అలాంటి బడుల్లో ముందు మారాల్సింది పెద్దవాళ్లు, టైంటేబుళ్లు.

ఈ ట్రస్టు ఏటా పద్యపఠనం పోటీలు పెడుతోంది. న్యాయనిర్ణేతలకు నాదొక విన్నపం. ఏ పిల్లవాడు ఎక్కడ తప్పాడో రాసుకునే కాగితం మీదే, తప్పాక ఎలా అందుకున్నాడో కూడా రాయండి. బహుమతి వచ్చినా రాకపోయినా ఆ మాట వాడికి చెప్పి పంపండి.