అడ్మిషన్ రిజిస్టరులో ఆగిపోయిన పేర్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల కిందట మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరు ఎట్లయినావో పది నిమిషాలు చెప్పప్పా, పిలకాయలకు ఉపయోగపడతాది" అన్నారు. సరేనన్నాను. రాద్దామని కూర్చుంటే రెండు పేజీల తర్వాత చెయ్యి ఆగిపోయింది. రాసిందంతా నిజమే. కానీ ఒక ముఖ్యమైన సంగతి అందులో లేదు. నలభై ఏళ్లుగా ఎక్కడ మాట్లాడినా నేను ఆ సంగతి వదిలేసే మాట్లాడుతున్నాను. దాని దగ్గరికి వచ్చేముందు కొన్ని పుస్తకాల గురించి చెప్తాను. నన్ను ఆపింది అవే.

ఉద్యోగరీత్యా నేను మూడేళ్లు ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉన్నాను. మేమున్న పేటలో చిన్న లైబ్రరీ ఉండేది. కథలు, నవలలు ఒక పక్క. నిజంగా జరిగినవి ఇంకో పక్క. నేను ఆ రెండో పక్కకే పోయేవాణ్ణి. ఆ పుస్తకాలు రాసినవాళ్లలో అందరూ పెద్ద చదువులు చదివినవాళ్లు కాదు.

అక్కడ మొదట చదివింది ఆల్బర్ట్ ఫేసీ అనే ఆయన ఆత్మకథ. పేరు 'ఎ ఫార్చునేట్ లైఫ్', అంటే అదృష్టవంతుడి బతుకు అని. ఆ అదృష్టం ఎట్లాంటిదో వినండి. ఆయన 1894లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. అవ్వ దగ్గర పెరిగాడు. ఎనిమిదేళ్లకే పరాయి ఇండ్లల్లో పనికి కుదిరాడు. బడి ముఖం చూడలేదు. చదవడం, రాయడం తనంతట తాను నేర్చుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో గల్లిపోలికి పోయాడు. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు చనిపోయారు. రెండో యుద్ధంలో ఒక కొడుకు చనిపోయాడు. మధ్యలో సేద్యం చేసి, ధరలు పడిపోయిన కాలంలో పొలం వదిలేసుకున్నాడు. ఇంతా రాసి, ఇంటివాళ్ల కోసం ఇరవై కాపీలు చేసిస్తే చాలన్నాడట. 1981లో పుస్తకం వచ్చింది, మరుసటి సంవత్సరమే ఆయన పోయాడు. ఈ రోజు అది అక్కడ అందరికీ తెలిసిన పుస్తకం.

ఇందులో ఇంకో విషయం ఉంది. గల్లిపోలిలో మొదటి రోజే, 1915 ఏప్రిల్ 25నే దిగానని ఆయన రాశాడు. తర్వాత సైనిక రికార్డులు తీసి చూస్తే ఆయన అక్కడికి చేరింది మే 7న అని తేలింది. అంతమాత్రాన ఆ పుస్తకాన్ని ఎవరూ అవతల పారెయ్యలేదు. జ్ఞాపకానికి ఉండే విలువ జ్ఞాపకానికి ఉంది, రికార్డుకు ఉండేది రికార్డుకు ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుకుంటున్నారు.

రెండో పుస్తకం శాలీ మోర్గన్ రాసిన 'మై ప్లేస్'. 1987లో వచ్చింది. ఆమె పెరిగింది పెర్త్‌లోనే. చిన్నప్పుడు బడిలో "మీరు ఏ దేశంవాళ్లు?" అని అడిగితే ఏం చెప్పమని ఇంట్లో నేర్పించారో తెలుసా? ఇండియావాళ్లమని చెప్పమన్నారు! నిజానికి వాళ్లు ఆ నేల మీది ఆదివాసులు. ఆదివాసుల పిల్లల్ని ప్రభుత్వమే తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయిన కాలం అది. ఆ భయంతో అవ్వ, అమ్మ కలిసి కులం దాచినట్టు జాతిని దాచిపెట్టారు. శాలీ పెద్దయ్యాక టేప్‌రికార్డరు పెట్టి చిన్నతాత చేత, అమ్మ చేత, చివరికి అవ్వ చేత చెప్పించి రాసింది. అవ్వ చాలాకాలం నోరు విప్పలేదు. విప్పాక కూడా కొన్ని రహస్యాలు తనతోనే పోతాయని చెప్పింది. మనవరాలు ఒప్పుకుంది. ఒక మనిషి కథ అడిగేటప్పుడు ఎక్కడ ఆగాలో ఆ పుస్తకం నాకు నేర్పింది.

నేర పరిశోధన పుస్తకాలు కూడా అక్కడ వరస వరసలు ఉంటాయి. వాటిల్లో క్లోయీ హూపర్ రాసిన 'ద టాల్ మ్యాన్' చదివాను. 2004లో పామ్ ఐలాండ్ అనే దీవిలో పోలీసు సెల్‌లో ఒక ఆదివాసి చనిపోయాడు. రచయిత్రి ఆ దీవికి పోయింది, కోర్టులో కూర్చుంది, చనిపోయినాయన ఇంటివాళ్లతో తిరిగింది, పోలీసాయన ఎట్లాంటివాడో కూడా తెలుసుకోవాలని చూసింది. అది చదువుతుంటే నాకు మన శేషాచలం గుర్తొచ్చింది. 2015 ఏప్రిల్ 7న అక్కడ పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి ఎర్రచందనం కొట్టడానికి వచ్చినారన్న ఇరవైమంది చనిపోయారు. ఆ కొండ మనకు రోజూ కనబడతా ఉంది. వాళ్ల ఊళ్లకు పోయి, అన్ని పక్షాల మాటలూ విని, తొందరపడకుండా రాసే ఓపిక మన పిల్లల్లో ఒకరికైనా రావాలని నా కోరిక.

ఇక వ్యక్తిత్వ వికాసం. 2006లో మెల్‌బోర్న్ ఆవిడ రోండా బర్న్ రాసిన 'ద సీక్రెట్' వచ్చి ప్రపంచమంతా అమ్ముడుపోయింది. గట్టిగా అనుకుంటే అయిపోతుందనేది దాని సారాంశం. మా నాయన చెనక్కాయలు వేసి ప్రతి ఏడూ వాన గట్టిగానే అనుకునేవాడు. అంతకంటే ఎక్కువ చెప్పను. ఈ విషయంలో మన ఉమ్మడి జిల్లా మనిషి మాటే నాకు దారి. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువంటూ నమ్మినవాళ్లు 1924 నాటికి సిడ్నీ సముద్రతీరాన ఒక పెద్ద సభాస్థలమే కట్టించారు. ఆయన 1929లో తన కోసం పెట్టిన సంస్థనే రద్దు చేసి, ఎవరినీ గుడ్డిగా అనుసరించొద్దన్నాడు.

ఇంత దూరం పోయి చదివాక ఇంటికి వచ్చి నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి 'పచ్చనాకు సాక్షిగా' మళ్లీ తీశాను. ఫేసీ పుస్తకంలో నాకు నచ్చింది ఏదో అది తిరుపతి పక్కన మిట్టూరులో ఎప్పుడో ఉంది. అమ్మ మాట్లాడిన మాటే, కాపు కష్టమే, సిగ్గుపడకుండా, మన యాసలో. బడిలో మనం "వచ్చినాడు", "పోతాండా" అని రాస్తే తప్పని ఎర్రగీత పడేది. ఆ ఎర్రగీత పడిన భాషలోనే ఆయన పుస్తకాలు రాశాడు.

ఇప్పుడు నా సంగతి.

పదో తరగతిలో లెక్కల్లో నాకు బడి ఫస్టు వచ్చింది. ఇక్కడున్నవాళ్లు చాలామందికి గుర్తుంటుంది. పోయిన సభలో కూడా చెప్పారు. తొమ్మిదో తరగతి సగం వరకు ఆ ఫస్టు నాది కాదు. నా పక్కన కూర్చునేవాడిది. సార్ బోర్డు మీద లెక్క పూర్తిగా రాసేలోపే వాడు జవాబు చెప్పేవాడు. ఆ ఏడాది వాళ్ల బావి ఎండిపోయింది. వాడు బెంగుళూరులో హోటల్ పనికి పోయాడు. పోయే ముందు రోజు తన జామెట్రీ బాక్సు నాకిచ్చాడు. పదో తరగతి పరీక్షలు నేను దాంతోనే రాశాను. వాడు ఉండుంటే నేను రెండోవాణ్ణే. ఈ మాట ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు.

వాడిప్పుడు తిరుపతిలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఈ సభకు పిలుద్దామని పోయిన వారం వాడి షాపుకు పోయాను. కాలిన మోటారు విప్పి, రాగితీగ చుట్లు ఎన్నో లెక్కేసి చెప్పాడు. కాగితం మీద వేసుకుంటే నాకూ అంతే వచ్చింది, వాడికంటే ఆలస్యంగా. ఆహ్వానపత్రిక ఇస్తే తిప్పి చూసి, "నేను పాసు గాలేదు గదప్పా. పూర్వ విద్యార్థి నేనెట్లయితాను?" అన్నాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే మన సంఘం జాబితా పదో తరగతి పాసైనవాళ్ల జాబితా. నేనే నాలుగేళ్లు ఆ కమిటీలో ఉన్నాను.

వాడి గురించి ఇక్కడ చెప్పొచ్చా అని అడిగాను. కొంచెంసేపు మోటారు వైపే చూసి, "చెప్పు. నా పేరు చెప్పొద్దు. మా నాయన మీద మాత్రం తప్పు పెట్టొద్దు. ఆయన సదివించాలనే అనుకున్నాడు" అన్నాడు. మాటిచ్చాను. అందుకే పేరు చెప్పడం లేదు.

ఈ యాభయ్యో ఏట సంఘానికి నా మనవి ఒకటే. మన జాబితాను పాసైనవాళ్లతో కాకుండా బడి అడ్మిషన్ రిజిస్టరుతో మొదలుపెడదాం. ఒక్కరోజు ఈ బెంచీ మీద కూర్చున్నా పూర్వ విద్యార్థే. మధ్యలో ఆగిపోయిన పేరు పక్కన ఎందుకు ఆగిందో, తర్వాత ఆ మనిషి ఏం చేశాడో, ఏం చేసిందో రాద్దాం. ఆగిపోయినవాళ్లలో ఆడపిల్లలు ఎంతమందో మన టీచర్లకు బాగా తెలుసు. ఫోన్‌లో రికార్డు చేసుకుందాం, వాళ్లు చెప్పిన యాసలోనే రాద్దాం, అచ్చుకు ముందు వాళ్లకు చదివి వినిపిద్దాం, వద్దన్నది తీసేద్దాం, తేదీలు రిజిస్టరుతో సరిచూద్దాం. ఆ పని నాకు అప్పజెప్తే నేను చేస్తాను.

ఆ జామెట్రీ బాక్సు ఇంకా నా దగ్గరే ఉంది. తిరిగిద్దామని షాపుకు తీసుకుపోయాను కూడా. వాడు మూత తీసి చూసి, వృత్తలేఖినిలో పెన్సిలు ముక్క లేదని నవ్వి, "నీకాడే పెట్టుకో. మనవడికి ఇద్దువు" అన్నాడు.