ఏటవాలు మంచము - సోరియాసిస్

మంచపు తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టి, ఆరంగుళముల ఏటవాలున పండుకొన్నచో సోరియాసిస్ నయమగునని ఒక గృహవైద్యము ప్రచారములో నున్నది. చేదు మందు లేదు, ఖర్చు లేదు. మన కృష్ణా డెల్టాలో ఇటుకలకు కొదువయు లేదు.

రాత్రివేళ పుల్లని త్రేనుపులతో బాధపడువారికి తలవైపు ఎత్తు చేయుడని వైద్యులే చెప్పుదురు. సోరియాసిస్ సంగతి వేరు. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారి తప్పుటచే, సుమారు నెలదినములలో మారవలసిన పైచర్మము నాలుగైదు దినములలోనే పెరిగి, వెండివంటి పొలుసులై రాలును. పడక వాలుతో ఇది కుదురునని ఋజువు కాలేదు.

మరి తగ్గినదని చెప్పువారు అబద్ధమాడుచున్నారా? లేదు. ఈ వ్యాధి తనంత తానే తగ్గుచు, మరల హెచ్చుచు నుండును. పలువురికి చలికాలమున ముదిరి, ఎండలు వచ్చిన పిమ్మట నెమ్మదించును. మార్గశిరమున ఇటుకలు పెట్టినవారికి ఫాల్గుణమున తగ్గినచో, కీర్తి ఇటుకలకు దక్కును!

ఇటుకలవలన హాని యేమందురా? వాటిని నమ్మి మందు మానుటయే హాని. స్టెరాయిడ్ మాత్రలు వాడువారు హఠాత్తుగా మానినచో వ్యాధి ఒళ్ళంతయు విజృంభింపవచ్చును. కొందరికి కీళ్ళు కూడ చెడును. ఉదయమున వేళ్ళు బిగిసికొనుచున్నచో జాగు చేయక, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనో మరొకచోటనో వైద్యునికి చూపుడు.

పూర్వము దీనిని కుష్ఠుగా భ్రమించెడివారు. 1841లో వియన్నా వైద్యుడు హెబ్రా రెండును వేరని స్పష్టపరచెను. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. రోగి మంచము వాలుగా నున్నను, సమముగా నున్నను, దానిని వీధి అరుగుమీదికి చేర్చ నక్కరలేదు. ఇంటిలో అందరి నడుమనే వేయవచ్చును.