పేరు పెట్టే హక్కు ఎవరిది?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా నాయనమ్మ పేరు పెంటమ్మ. ఆమెకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారట. ఈ బిడ్డయినా దక్కాలని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎత్తుకొచ్చి ఆ పేరు పెట్టారు. పేరు వెనుక ఒక తల్లి కోరిక ఉంటుందని నాకు ఆమె వల్లే తెలిసింది. అందుకే, టీవీ చూసి పిల్లలకు పేర్లు పెడుతున్నారని ఎవరైనా ఎగతాళి చేస్తే నాకు నవ్వు రాదు.

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అనే సీరియల్ 2011 నుంచి 2019 దాకా అమెరికా టీవీలో వచ్చింది. అందులో డెనేరిస్ అనే పిల్లను ఆమె అన్న, సైన్యం దొరుకుతుందన్న ఆశతో, ఒక తెగ నాయకుడికి కట్టబెడతాడు. అలా బేరానికి పోయిన పిల్లే తర్వాత బానిసలను విడిపించే రాణి అవుతుంది. ఆ రాణిని అందరూ ఖలీసీ అంటారు. 2018 ఒక్క ఏడాదిలోనే అమెరికాలో 560 మంది ఆడపిల్లలకు ఆ పేరు పెట్టారు. తమ కూతుళ్లు ఎవరికీ లొంగకూడదని ఆ తల్లుల కోరిక.

కానీ ఖలీసీ అన్నది ఆమె పేరు కాదు. ఆ తెగ నాయకుడు 'ఖాల్', అతని భార్య 'ఖలీసీ'. మన దగ్గర దొర భార్య దొరసాని అయినట్టే. బలానికి గుర్తని ఎంచుకున్న మాటలో కూడా మొగుడి హోదాయే దాక్కుని ఉంది. చివరికి 2019లో కథ ముగిసేసరికి ఆమె నగరాన్ని తగలబెట్టి, ప్రేమించినవాడి చేతిలోనే చచ్చిపోయింది. కథ ఎటు తిప్పాలన్నది తల్లుల చేతిలో లేదు.

పేరైనా వాళ్ల చేతిలో ఉందా? 2024లో ఇంగ్లండులో ఖలీసీ అనే ఆరేళ్ల పాపకు పాస్‌పోర్టు ఇవ్వడానికి అధికారులు మొదట ఒప్పుకోలేదు. ఆ పేరు ఒక కంపెనీ ట్రేడ్‌మార్కు, కంపెనీ అనుమతి తెమ్మన్నారు. తల్లి ఊరుకోలేదు. ట్రేడ్‌మార్కు సరుకులకూ సేవలకూ గాని మనిషి పేరుకు వర్తించదని తేలింది. అధికారులు క్షమాపణ చెప్పారు.

మనకు ఈ తగువు కంపెనీతో కాదు, ఇంట్లోనే. భర్త చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక తెలుగు తల్లి, బిడ్డ ఇంటిపేరు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ నిర్ణయం తల్లిదేనని 2022 జూలైలో తీర్పు వచ్చింది.

మనం జనన నమోదు పని మీద ఊళ్లకు వెళతాం. బారసాలలో పేరు ఎవరు పెట్టారని అడుగుదాం. "నీకే పేరు ఇష్టం?" అని బాలింతను అడుగుదాం. ఆమె సీత అన్నా, ఖలీసీ అన్నా సరే, ఆ మాట చెల్లాలి. పెద్దయ్యాక ఆ పేరు వద్దనుకుంటే, మార్చుకునే హక్కు ఆ పిల్లకూ ఉండాలి.