మెదడు పొరలో గడ్డ: స్కాన్ చెప్పలేనిది

మెదడును చుట్టి మూడు పొరలు ఉంటాయి. ఆ పొరల దగ్గర పుట్టే గడ్డల్లో ఎక్కువ భాగం మెనింజియోమాలే. 1922లో హార్వే కుషింగ్ పెట్టిన పేరిది. చాలావరకు మెల్లగా పెరుగుతాయి, క్యాన్సర్ కావు. కానీ అదే చోట, అచ్చం అలాగే కనిపించే అరుదైన గడ్డ ఇంకొకటుంది. దాని పేరు సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్. ఎమ్మారైలో రెండింటినీ విడదీయడం నిపుణులకూ కష్టమే. గడ్డలో సున్నం పేరుకుంటే మెనింజియోమా అనుకుంటారు. పక్క ఎముకను తినేస్తుంటే రెండోదేమో అనుకుంటారు. అనుమానమే సుమా, నిర్ధారణ కాదు. తీసిన ముక్కను ల్యాబులో పరీక్షించాలి. కణాల కేంద్రకాల్లో స్టాట్ 6 అనే ప్రోటీన్ బలంగా కనిపిస్తే అది సాలిటరీ ఫైబ్రస్ ట్యూమరే అని గుట్టు తెలిసినట్టే.

గడ్డ తీసేశాక ఇక పేరుతో పనేముంది అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ పని ఉంది. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్‌కు రక్తనాళాలు ఎక్కువ, కోస్తే రక్తం బాగా పోతుంది. అందుకే ముందే అనుమానం వస్తే, కొందరికి ఆపరేషన్‌కు ముందు ఆ నాళాలను మూసేస్తారు. మొత్తం తీయడమే లక్ష్యం. పెద్ద సిరను అంటుకుని ఉంటే మాత్రం కొంత వదలక తప్పదు. తర్వాత తరచు రేడియేషన్ ఇస్తారు. మొత్తం తీసినా పదేళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు. ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకవచ్చు. మరి మెనింజియోమా ఉన్నవాళ్లంతా భయపడాలా? అక్కర్లేదు, ఈ రెండో గడ్డ చాలా అరుదు. బయాప్సీ రిపోర్టు మాత్రం అడిగి తీసుకోండి, దాచుకోండి. ఏళ్ల తర్వాత వేరే నొప్పితో వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా, ముందు ఆ కాగితమే చూపించండి.